అడ్డరోడ్డు ఖాళీ.. అయినా పచ్చదీపమే! నిర్ణీత కాల సిగ్నళ్లకూ, అడాప్టివ్ విధానానికీ తేడా ఏమిటి?

మధ్యాహ్నం రెండు గంటల వేళ అడ్డరోడ్డున ఒక్క వాహనమూ ఉండదు. అయినా ఆ వైపు పచ్చదీపం 40 సెకన్లు వెలుగుతుంది. ప్రధాన రహదారిపై బస్సు, ఆటోలు, పాతిక ద్విచక్ర వాహనాలు ఎండలో నిలిచి ఉంటాయి. సాయంత్రం పాఠశాలలు వదిలే సమయానికి అదే అడ్డరోడ్డున వాహనాలు బారులు తీరుతాయి. అప్పుడూ ఆ వైపు దక్కేది అదే 40 సెకన్లు. జిల్లా కేంద్రాలలోనూ, పెద్ద పురపాలక పట్టణాలలోనూ వాహనచోదకులకు ఇది నిత్యానుభవం.

ఈ ఇక్కట్టుకు విరుగుడుగా వినిపించే మాట 'అడాప్టివ్ సిగ్నల్'. వాహనాల రద్దీని తానే గమనించి, పచ్చదీపం వ్యవధిని తానే హెచ్చించుకుని, తగ్గించుకునే విధానమిది. 2015లో కేంద్రం ప్రారంభించిన స్మార్ట్ సిటీల పథకంలో రెండు తెలుగు రాష్ట్రాల నుంచి విశాఖపట్నం, కాకినాడ, తిరుపతి, అమరావతి, వరంగల్, కరీంనగర్ చేరాయి. దేశవ్యాప్తంగా ఆ పథకం కింద రూపొందిన ప్రతిపాదనలలో ఈ తరహా సిగ్నళ్లకు తరచుగా చోటు దక్కింది. అయితే పాత విధానంలో లోపమెక్కడ ఉన్నదో తేల్చుకోకుండా కొత్త పరికరం కొన్నంత మాత్రాన నిరీక్షణ తగ్గుతుందా అన్నది ముందుగా తేలవలసిన విషయం.

పాత విధానం లెక్క ఇదీ

ఫిక్స్‌డ్ టైమ్ అని ఇంజినీర్లు పిలిచే నిర్ణీత కాల విధానంలో సిగ్నల్‌కు కళ్లు లేవు. గడియారం మాత్రమే ఉన్నది. ఒక దారికి పచ్చదీపం వెలిగిన క్షణం నుంచి, మిగిలిన దారులన్నీ పూర్తయి తిరిగి అదే దారికి వంతు వచ్చే వరకు పట్టే సమయాన్ని సైకిల్ అంటారు. అందులో ఏ దారికి ఎన్ని సెకన్లన్నది వాటా. ఒక కూడలిలో పచ్చదీపం వెలిగిన తరువాత ఎన్ని సెకన్లకు పక్క కూడలిలో వెలగాలన్నది మూడో అంశం. దీనిని ఆఫ్‌సెట్ అంటారు. నిర్ణీత కాల విధానమైనా, అడాప్టివ్ అయినా సరిచేసేది ఈ మూడింటినే.

సైకిల్ ఎంత ఉండాలన్న దానికి 1958లో బ్రిటన్‌లోని రోడ్డు పరిశోధన సంస్థకు చెందిన వెబ్‌స్టర్ ఒక సూత్రాన్ని ప్రకటించారు. భారతీయ ఇంజినీర్లు నేటికీ నేర్చుకునేది దానినే. కూడలిలో దీపాలు మారేటప్పుడు ఏ వాహనమూ కదలక కొన్ని సెకన్లు వృథా అవుతాయి. ఒక సైకిల్‌లోని ఈ వృథా మొత్తాన్ని ఒకటిన్నరతో హెచ్చవేసి అయిదు కలపాలి. వచ్చిన దానిని, ఒకటిలో నుంచి కూడలి భారాన్ని తీసివేయగా మిగిలిన దానితో భాగించాలి. భారమంటే ఒక్కో వంతులో గంటకు వచ్చే వాహనాలను, గంటసేపూ పచ్చదీపమే ఉంటే అక్కడ వెళ్లగలిగే వాహనాలతో భాగించి, అన్ని వంతులవీ కూడగా వచ్చే అంకె.

నాలుగు దారులను విడివిడిగా వదిలే కూడలిని ఉదాహరణగా తీసుకోవచ్చు. వంతుకు 4 సెకన్ల చొప్పున 16 సెకన్లు వృథా. దానికి ఒకటిన్నర రెట్లు 24, అయిదు కలిపితే 29. కూడలి భారం 0.6 అయితే 29ని 0.4తో భాగించగా సైకిల్ 73 సెకన్ల లోపే వస్తుంది. భారం 0.8కి చేరితే 145 సెకన్లు. 0.9 అయితే 290 సెకన్లు, అంటే అయిదు నిమిషాలకు పది సెకన్లు తక్కువ. అంతసేపు ఎర్రదీపం వద్ద ఎవరూ ఓపిక పట్టరు, ఏ ఇంజినీరూ అంత సమయం పెట్టరు. సైకిల్‌కు సాధారణంగా రెండు నిమిషాల దగ్గరే కళ్లెం వేస్తారు. అక్కడి నుంచి ఏ సైకిల్‌కు ఆ సైకిల్‌లో కొన్ని వాహనాలు మిగిలిపోతూ బారు పెరుగుతూ పోతుంది.

ఈ లెక్కను కొంత వివరంగా చెప్పుకోవలసిన కారణమున్నది. భారం ఒకటికి చేరువైన కూడలిలో పంచడానికి మిగులు సెకన్లే ఉండవు. పంచేది గడియారమైనా కంప్యూటరైనా ఒకటే. అటువంటి చోట కుడి మలుపునకు వేరే దారి చూపడం, కూడలి మొదట్లోని ఆటోస్టాండ్‌ను, తోపుడు బండ్లను వెనక్కు జరపడం, ఎదురెదురు దారులను వీలైతే ఒకే వంతులో వదలడం వంటి పనులే భారాన్ని తగ్గిస్తాయి.

తప్పు గడియారానిదా, లెక్కదా?

నిర్ణీత కాల విధానమంటే రోజంతా ఒకే ప్రణాళిక అన్న అభిప్రాయం సరికాదు. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి, ఆదివారం అంటూ వేర్వేరు ప్రణాళికలను ముందుగా నింపి, వేళకు మారేలా చేసే సౌకర్యం సాధారణ కంట్రోలర్లలోనూ ఉంటుంది. ఆ సౌకర్యమున్నా ఒకే ప్రణాళిక ఇరవై నాలుగు గంటలూ నడిచే కూడళ్లు పట్టణాలలో అరుదు కాదు. సిగ్నల్ బిగించిన రోజున గుత్తేదారు మనిషి పెట్టి వెళ్లిన సెకన్లే ఏళ్ల తరబడి కొనసాగుతాయి.

మంచి ప్రణాళిక కూడా కాలంతో పాటు పాతబడుతుంది. 1986లో బ్రిటన్‌లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం నిర్ణీత కాల ప్రణాళికల వల్ల చేకూరే ప్రయోజనం ఏడాదికి దాదాపు 3 శాతం చొప్పున తరుగుతుంది. వాహనాల సంఖ్య నెమ్మదిగా పెరిగే దేశంలోని లెక్క ఇది. ఏటేటా ద్విచక్ర వాహనాలు వెల్లువెత్తే మన పట్టణాలలో ప్రణాళిక ఇంకా త్వరగా పాతబడుతుందని ఊహించడం కష్టం కాదు.

ఒక్కోసారి ఏళ్లు కూడా అక్కరలేదు. విజయవాడలోని బెంజిసర్కిల్ 16వ, 65వ నంబరు జాతీయ రహదారులు కలిసే చోటు. అక్కడ ఒక వైపు పైవంతెన 2020లోనూ, రెండో వైపుది 2021లోనూ వాహనాలకు తెరుచుకున్నాయి. నేరుగా సాగిపోయే లారీలు, కార్లు పైకి ఎక్కిన తరువాత కింద మిగిలేది ప్రధానంగా నగరంలోని రాకపోకలు, మలుపు తిరిగే వాహనాలు. ఇటువంటి మార్పు జరిగిన ఏ కూడలిలోనైనా వంతెనకు ముందు నాటి సెకన్లు మరుసటి రోజుకే పనికిరాకుండా పోతాయి. కొత్త కలెక్టరేటు, బస్టాండు తరలింపు, బైపాస్ ప్రారంభం వంటివీ ఇదే పని చేస్తాయి.

నిర్ణీత కాల విధానానికి అచ్చొచ్చిన పని ఒకటున్నది. ఒకే రహదారిపై వరుసగా ఉన్న కూడళ్లను జతపరచడంలో అది చక్కగా రాణిస్తుంది. రెండు కూడళ్ల మధ్య దూరం 500 మీటర్లు, వాహనాల వేగం గంటకు 36 కిలోమీటర్లు, అంటే సెకనుకు 10 మీటర్లు అనుకుంటే మొదటి కూడలి నుంచి కదిలిన గుంపు 50 సెకన్లకు రెండో కూడలికి చేరుతుంది. అక్కడ 50 సెకన్లు ఆలస్యంగా పచ్చదీపం వెలిగిస్తే ఎవరూ ఆగనక్కరలేదు. అయితే రెండు కూడళ్లకూ సైకిల్ సమానంగా ఉండాలి. వేర్వేరు వేళల్లో, వేర్వేరు గుత్తేదారులు బిగించిన సిగ్నళ్లలో ఈ పొత్తు కుదరదు. ఒక కూడలిలో పచ్చదీపం అందుకుని బయలుదేరినవారు తరువాతి దానిలో తప్పక ఆగే పరిస్థితికి మూలం చాలావరకు ఇదే.

కళ్లున్న సిగ్నల్

నడుమ మరో రకమున్నది. అమ్మకందారులు దీనినీ, అడాప్టివ్‌నూ ఒకే గాటన కడుతుంటారు. వాహనాన్ని గుర్తించే పరికరాన్ని దారిలో అమర్చి, వాహనాలు వస్తున్నంతసేపు ఒక గరిష్ఠ పరిమితి వరకు పచ్చదీపాన్ని పొడిగించడం, ఎవరూ లేకుంటే ముగించడం దీని పద్ధతి. వెహికల్ యాక్చుయేటెడ్ అని పేరు. ఇది తన కూడలిని మాత్రమే చూసుకుంటుంది. పక్క కూడలి సంగతి పట్టదు. ఒంటరిగా ఉన్న కూడలికి ఇంతకు మించినది తరచుగా అవసరముండదు.

అసలైన అడాప్టివ్ విధానం కూడళ్లను సమూహంగా చూస్తుంది. కంప్యూటరుతో సిగ్నళ్లను నడపడం కెనడాలోని టొరంటో నగరంలో 1963లోనే ఆరంభమైంది. రద్దీని అప్పటికప్పుడు చూసి సెకన్లు మార్చే విధానాలు 1970లలో రూపుదిద్దుకున్నాయి. బ్రిటన్‌లో గ్లాస్గో, కోవెంట్రీ నగరాలలో పరీక్షించిన స్కూట్, ఆస్ట్రేలియాలోని సిడ్నీలో పుట్టిన స్కాట్స్ వీటిలో ముఖ్యమైనవి.

స్కూట్‌లో పరికరాలను ఆగే గీత వద్ద కాక బాగా వెనుక, క్రితం కూడలి దాటిన చోట అమరుస్తారు. వాహనాలు ఇంకా దారిలో ఉండగానే కంప్యూటరుకు కబురు అందుతుంది. గీత వద్దకు ఎందరు ఎప్పుడు చేరుతారో అది ముందుగా అంచనా వేస్తుంది. దీపం మారబోయే ముందు నాలుగు సెకన్లు ముందుకు జరపాలా, వెనక్కు జరపాలా, ఉన్నట్లే ఉంచాలా అని తేల్చుకుంటుంది. ఆఫ్‌సెట్‌ను సైకిల్‌కు ఒకసారి, సైకిల్‌ను కొన్ని నిమిషాలకు ఒకసారి సవరిస్తుంది. ఒక్కసారిగా పెద్ద మార్పులు చేయదు. కొద్దికొద్దిగా జరుపుతూ రద్దీ వెంట నడుస్తుంది. స్కాట్స్ ఇందుకు భిన్నం. అది ఆగే గీత వద్దనే వాహనాలను పసిగట్టి, ఇచ్చిన పచ్చదీపంలో ఎంత భాగం నిజంగా వినియోగమైందో కొలిచి తరువాతి సైకిల్‌ను నిర్ణయిస్తుంది. మొదటిది రాబోయే వారిని చూస్తుంది, రెండోది వెళ్లిన వారిని చూస్తుంది.

2012లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తొమ్మిది కూడళ్లలో సర్‌ట్రాక్ అనే మరో విధానాన్ని పరీక్షించారు. కేంద్రంలో పెద్ద కంప్యూటరు లేకుండా ప్రతి కూడలీ తన ప్రణాళిక తానే వేసుకుని పొరుగు కూడలికి సమాచారం పంపుతుంది. ప్రయాణ సమయం దాదాపు 25 శాతం, ఆగి ఉండే సమయం దాదాపు 40 శాతం తగ్గినట్లు వారు తెలిపారు.

ఎంత మేలు? దేనితో పోలిస్తే?

శాతాలు వినగానే సంబరపడే ముందు దేనితో పోల్చారో అడగాలి. స్కూట్‌ను అప్పుడే కొత్తగా లెక్కగట్టిన నిర్ణీత కాల ప్రణాళికలతో పోల్చినప్పుడు నిరీక్షణలో తగ్గుదల సగటున 12 శాతం మాత్రమే. అదే కొన్నేళ్లుగా ముట్టని ప్రణాళికలతో పోలిస్తే 20 శాతమో, అంతకన్నా ఎక్కువో వస్తుంది. అమెరికా రహదారుల పాలనా సంస్థ చెప్పేదీ ఇంచుమించు ఇదే. అడాప్టివ్ విధానంతో ప్రయాణ సమయం సగటున 10 శాతానికి మించి మెరుగవుతుందని, సిగ్నల్ సమయాలు మరీ పాతబడిన చోట మెరుగుదల 50 శాతమూ దాటవచ్చని ఆ సంస్థ పేర్కొన్నది.

ఈ రెండు అంకెల మధ్య అంతరం ఎవరిది? అది కొత్త పరికరం తెచ్చిన మేలు కాదు. పాత ప్రణాళికను పట్టించుకోనందుకు ప్రజలు ఇన్నాళ్లూ రోడ్డుపై చెల్లించిన మూల్యం. మళ్లీ వాహనాలను లెక్కించి సెకన్లు సవరించి ఉంటే, ఒక్క కెమెరా కొనకుండానే అందులో అధిక భాగం చేతికి వచ్చేది. ప్రజాధనం వెచ్చించే పాలక మండళ్లు ముందుగా గుర్తించవలసిన సంగతి ఇదే.

అలాగని అడాప్టివ్ విధానం అక్కరలేదని కాదు. రద్దీ ఏ రోజుకు ఎలా ఉంటుందో చెప్పలేని చోట గడియారం ఓడిపోతుంది. రైల్వే గేటుకు దగ్గరలోని కూడలినే చూడవచ్చు. గేటు పడినంతసేపు ఆ వైపు నుంచి ఒక్క వాహనమూ రాదు. ఎత్తగానే ఒక్కుమ్మడిగా వచ్చిపడతాయి. రైళ్లు సమయానికి నడవవు గనుక ఏ ప్రణాళికా దీనికి సరిపోదు. వాన కురిసినా, ప్రమాదం జరిగినా, ఊరేగింపు కదిలినా అంతే. దసరాకు ఇంద్రకీలాద్రికి వచ్చే జనం, 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు వచ్చిన జనం వంటి తేదీ తెలిసిన రద్దీకి మాత్రం ప్రత్యేక ప్రణాళికను ముందే సిద్ధం చేసుకోవచ్చు. దానికి కెమెరా అవసరం లేదు.

మన రోడ్లపై చిక్కులు

విదేశాలలో పుట్టిన ఈ విధానాలు వాహనాలు గీతల మధ్య వరుసగా నడుస్తాయన్న నమ్మకంపై నిర్మితమయ్యాయి. రోడ్డులో పూడ్చిన తీగచుట్ట మీదుగా కారు వెళితే ఒకటి అని లెక్కపడుతుంది. మన కూడలిలో కారు పక్కన రెండు మోటారు సైకిళ్లు, వాటి సందున ఆటో, ఆ ముందు సైకిలు ఒకేసారి కదులుతాయి. తీగచుట్టకు ఇదంతా ఒక్క వాహనంగానే తోచవచ్చు. ఎర్రదీపం పడగానే ద్విచక్ర వాహనాలు సందుల్లో నుంచి ముందుకు చేరి గీత దాటి నిలుస్తాయి. వాటిని చూడవలసిన పరికరం వాటి వెనుక ఉండిపోతుంది.

రోడ్ల శాఖ వేసవిలో తారు పొర వేసినప్పుడు, మంచినీటి గొట్టాలకు తవ్వినప్పుడు ఆ తీగచుట్టలు తెగిపోవడం మరో బెడద. కంటి చూపు పోయిన అడాప్టివ్ సిగ్నల్ తిరిగి నిర్ణీత కాల ప్రణాళికకే చేరుతుంది. లోపల ఉన్న ఆ ప్రణాళిక పాతదైతే కోట్లు వెచ్చించిన కూడలి మళ్లీ మొదటికొస్తుంది. తీగచుట్టలకు బదులు స్తంభాలపై కెమెరాలు పెడుతున్నారు. వీటికి తవ్వకాల భయం లేదు. దుమ్ము, వాన, రాత్రివేళ హెడ్‌లైట్ల వెలుగు, అడ్డుగా పెరిగిన చెట్టుకొమ్మ, ఫ్లెక్సీ బ్యానర్ వంటివి మాత్రం దెబ్బతీస్తాయి.

మిశ్రమ రాకపోకలను దృష్టిలో ఉంచుకుని తిరువనంతపురంలోని సీడాక్ సంస్థ కోసికాస్ట్ అనే దేశీయ విధానాన్ని రూపొందించింది. 2024లో బెంగళూరు ట్రాఫిక్ పోలీసులు దీని ఆధారంగానే అడాప్టివ్ సిగ్నళ్లను ప్రవేశపెట్టారు. హైదరాబాద్‌లో 2010 తరువాతి సంవత్సరాలలో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ ద్వారా 221 కూడళ్లతో హెచ్-ట్రిమ్స్ చేపట్టారు.

సెకన్లను వెనక్కు లెక్కించి చూపే బోర్డు సంగతి మరీ విచిత్రం. మనవారికి అదంటే మక్కువ. 90 అని కనపడితే ఇంజిను ఆపి ఇంధనం ఆదా చేసుకుంటారు. నిర్ణీత కాల విధానంలో ఆ అంకె నిక్కచ్చిగా ఉంటుంది. అడాప్టివ్‌లో పచ్చదీపం ఎంతసేపుంటుందో చివరి క్షణం వరకు సిగ్నల్‌కే తెలియదు. బోర్డును నిజంగా నడపాలంటే సిగ్నల్ చేతులు కట్టివేయాలి. సిగ్నల్‌ను స్వేచ్ఛగా వదలాలంటే బోర్డును ఆపివేయాలి, లేదా చివరి కొద్ది సెకన్లే చూపాలి. రెండూ పూర్తిగా కావాలని టెండరులో రాయడం కుదరని కోరిక.

కూడలిలో నిలుచున్న ట్రాఫిక్ కానిస్టేబుల్ కూడా ఒక అడాప్టివ్ విధానమే. రద్దీ పెరగగానే మీట నొక్కి తానే దీపాలు మారుస్తాడు. అంబులెన్సు శబ్దం విని దారి ఇవ్వడంలో అతనికి సాటి రాగల యంత్రం తక్కువ. అయితే ఎదుట కనిపించే పొడవైన బారును పూర్తిగా ఖాళీ చేసే దాకా అతడు చేయి దించడు. ఈలోగా కనిపించని వైపున బారు పక్క కూడలిని ముంచుతుంది.

నడిచేవారి సెకన్లు

వాహనాల నిరీక్షణ తగ్గించే తపనలో మరుగున పడేది పాదచారి. సెకనుకు 1.2 మీటర్ల చొప్పున నడిచే వ్యక్తికి 14 మీటర్ల రోడ్డు దాటడానికి 12 సెకన్లు కావాలి. వృద్ధులకు, పసిపిల్లలను ఎత్తుకున్న తల్లులకు ఇంకా ఎక్కువ. అడ్డరోడ్డున వాహనాలు లేవని అడాప్టివ్ సిగ్నల్ ఆ వంతును ఏడెనిమిది సెకన్లకే ముగిస్తే, అదే సమయంలో ప్రధాన రహదారిని దాటుతున్నవారు నడిమధ్యన చిక్కుకుంటారు. కెమెరా వాహనాలను మాత్రమే లెక్కిస్తుంది. నడిచేవారి కోసం కనీస సెకన్లను మనిషే ముందుగా నిర్ణయించి, యంత్రం అంతకన్నా తగ్గించకుండా కట్టడి చేయాలి. ఆసుపత్రి, పాఠశాల, రైతుబజారు ఎదుట ఉన్న కూడళ్లలో ఈ కట్టడి తప్పనిసరి.

మధ్యే మార్గం

పరికరాలేవీ అమర్చకుండా పాత ప్రణాళికలనే ఎప్పటికప్పుడు సవరించే దారి ఇటీవల తెరుచుకున్నది. గూగుల్ సంస్థ గ్రీన్ లైట్ పేరిట, తన మ్యాప్స్ ద్వారా తెలిసే వాహనాల కదలికలను పరిశీలించి ఏ కూడలిలో ఎన్ని సెకన్లు జరపాలో నగర ఇంజినీర్లకు సూచిస్తుంది. అమలు చేయాలా వద్దా అన్నది వారి ఇష్టం. 2023 అక్టోబరు నాటికి 12 నగరాలలో 70 కూడళ్లలో దీనిని చేపట్టినట్లు ఆ సంస్థ వెల్లడించింది. వాటిలో హైదరాబాద్, బెంగళూరు, కోల్‌కతా ఉన్నాయి. స్మార్ట్‌ఫోను ఉన్నవారి కదలికలే ఇందులో లెక్కకు వస్తాయన్నది మరువరాదు. ఎడ్లబండి, పాత ట్రాక్టరు, ఫోను లేని పాదచారి ఈ పటంలో ఉండరు.

చిన్న పట్టణాలకు తొలి పని కాగితం, కలంతోనే మొదలవుతుంది. కూడలిలోని ఒక్కో దారికి ఒక్కొక్కరిని నిలిపి, ఉదయం నుంచి రాత్రి వరకు పావుగంటకొకసారి బస్సులు, లారీలు, కార్లు, ఆటోలు, ద్విచక్ర వాహనాలను, నేరుగా పోయేవి, మలుపు తిరిగేవి విడివిడిగా లెక్కించాలి. పనిదినం ఒకటి, సంత రోజు ఒకటి, ఆదివారం ఒకటి ఎంచుకుంటే చాలు. ద్విచక్ర వాహనాన్ని కారులో దాదాపు సగంగానూ, బస్సును కారుకు మించినదిగానూ మార్చుకుని భారం తేల్చాలి. దగ్గరలోని ఇంజినీరింగ్ కళాశాలల సివిల్ విద్యార్థులకు ఇది పాఠంలో భాగమైన పనే. ఈ లెక్కతో మూడు నాలుగు ప్రణాళికలు సిద్ధం చేసి కంట్రోలరులో నింపిన తరువాత, భారం 0.6, 0.8 మధ్య ఉండి వేళాపాళా లేకుండా మారే కూడళ్లు ఏవో బయటపడతాయి. అడాప్టివ్ పరికరాలకు తగిన చోట్లు అవే.

కొనే దశకు వచ్చినప్పుడు ఒప్పందంలో చూడవలసినవి కొన్నున్నాయి. మేలును ఏ ప్రణాళికతో పోల్చి చూపుతారు? కెమెరా చెడితే ఎన్ని గంటల్లో బాగు చేస్తారు, అప్పటిదాకా ఏ ప్రణాళిక నడుస్తుంది? విద్యుత్తు పోతే బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుంది? నిర్వహణ గడువు ముగిసిన తరువాత సెకన్లు మార్చే తాళం నగరపాలక సంస్థ చేతిలో ఉంటుందా, గుత్తేదారు వద్దే ఉండిపోతుందా? చివరి ప్రశ్నకు సమాధానం కాగితంపై లేకపోతే, గడువు తీరిన మర్నాటి నుంచి ఆ సిగ్నల్‌లో ఒక్క సెకను మార్చాలన్నా మళ్లీ టెండరు పిలవవలసి వస్తుంది.